నేను పూర్తిచేసిన మనిషి

ఆ వయసులో నాకు కోపం ముందు పుట్టేది, కారణం తర్వాత నింపాదిగా వచ్చేది. (ఇప్పుడూ అంతే అంటారు మా ఇంట్లో. వాళ్లకేం తెలుసు!) ఇరవై మూడేళ్లకు బీఎడ్ పట్టా పట్టుకొని తొర్రూరు నుంచి వరంగల్ వచ్చి, కొత్తవాడలో నేతగాళ్ల పిల్లలు చదివే ఒక ప్రైవేటు బడిలో చేరాను. అక్కడ ఏటా పేరెంట్స్ డే నాడు ఒక్కో పిల్లా తను రాసిందీ గీసిందీ ఒక ఫైల్లో పెట్టి, దాని గురించి రెండు నిమిషాలు మాట్లాడాలి. పోర్ట్‌ఫోలియో అనేవారు. పేరు పిల్లలది, పని టీచర్లది. బోర్డు మీద మేము వేసిందే నలభై మందీ ఎక్కించుకునేవారు. నలభై ఫైళ్లలోనూ అవే రెండు కొండలు, నడుమ అదే సూర్యుడు, అదే గుడిసె, దాని ముందు అదే నది. కొత్తవాడలో ఏ ఇంటి ముందు నది పారుతుందని అడిగిన నాథుడు లేడు. నేను అడిగాను, నా తరగతిని ఇంట్లో చూసిందే గీయమన్నాను.

ఆరో తరగతిలో ఒక పిల్ల ఉండేది. మూడుసార్లు అడిగితే గాని మాట బయటికి రాదు, అందుకే గప్‌చుప్ అనేవాళ్లం. ఆ పిల్ల కొండలు గీయలేదు. కాగితం కింది సగంలో రెండు కాళ్లు గీసింది, పాదాల కింద రెండు చెక్కలు. వాళ్ల నాయన జంపఖానాలు నేసే గుంట మగ్గమది. నేసే మనిషి గుంట అంచున కూర్చొని, కాళ్లు లోపలికి దించి ఆ చెక్కలు తొక్కుతాడు. ఈ పిల్ల ఆ గుంటలోకి తొంగిచూస్తూ పెరిగిందట. (ఈ గుంట సంగతంతా నాకు తర్వాతే తెలిసింది.)

మా కరస్పాండెంటు (చొక్కా నలుగుతుందని ఊపిరి కూడా సగమే పీల్చే మనిషి, మా ఇస్త్రీ సారు) ఫైలు తిప్పి చూశాడు. "ఏందమ్మా, ఉత్త కాళ్లేనా? మనిషేడి? పేరెంట్స్ నవ్వరా? కొండలు గీయించుండ్రి."

"నవ్వితె నవ్వనియుండ్రి సార్. పిల్ల చూసిందే గీసింది. ఆ కొండల నడుమ పొద్దు పొడిచేది మీరెన్నడన్న చూసిండ్రా?"

"కొత్తగొచ్చినవ్, జర నోరు తగ్గించు."

"నోరు తగ్గిస్త సార్. బొమ్మ మాత్రం మార్చ."

గెలిచాను. స్టాఫ్‌రూములో రెండు రోజులు తల ఎత్తుకొని తిరిగాను. ఆదివారం ఫైలు ఇంటికి తెచ్చుకొని చూస్తే మాత్రం నిజంగానే ఉత్త కాళ్లే కనబడ్డాయి. పాపం, పిల్లను చూసి నలుగురూ నవ్వితే? (నన్ను చూసి నవ్వితే అన్నది అసలు భయం. అప్పుడు ఒప్పుకోలేదు.) స్కెచ్ పెన్ను తీసి ఆ కాళ్ల మీద ఒక నడుము, చొక్కా, మీసాలు, కూర్చోవడానికి స్టూలు, ముందొక బల్ల వేసేశాను. వ్యవసాయం ఇంట్లో పుట్టినదాన్ని, మగ్గం ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలియదన్న సంగతీ తెలియదు.

పేరెంట్స్ డే నాడు నేతగాళ్లంతా ఆ ఒక్క ఫైలు చుట్టే మూగారు.

"ఏందిరా ఇది, మిషిను కుట్టెటోడా?"

"స్టూలేసుకొని జంపఖానా నేస్తాండు సూడు, దొర!"

"నీ బిడ్డకు నీ మగ్గమే ఎర్కలేదాయె బావా!"

తండ్రి ముఖం చిన్నబోయింది. "గిదేంది బిడ్డా, రోజు సూస్తవ్ గదనే?" అన్నాడు. పిల్ల నా వైపు చూసింది. చూసి తలవంచుకుంది. పదకొండేళ్ల పిల్ల నా పరువు కాపాడుతోంది! ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక అందరి మీదా మండిపడ్డాను. "ఏం నవ్వుతాండ్రు? కాళ్లే ఆ పిల్ల గీసింది. మీదున్న దిక్కుమాలినోన్ని నేను గీసిన!"

ఇస్త్రీ సారు కళ్లు మూసుకున్నాడు. తండ్రి మాత్రం కాగితం అందుకొని, నా మనిషిని స్టూలూ బల్లతో సహా నడుము దగ్గర వెనక్కి మడిచి, ఆ మడత మీద గోటితో ఒక్క గీత గీశాడు. కాళ్లే మిగిలాయి.

"ఇగ చెప్పు బిడ్డా."

"మా నాయిన ఎడమ కాలు మెల్లగ తొక్కుతడు," అంది గప్‌చుప్. "వానకాలం నొస్తది. గప్పుడు మగ్గం చప్పుడు మారుతది. పక్కింట్ల ఉన్నా నాకెర్కైతది."

"నొస్తదని నేనెవ్వలకు చెప్పలే గదనే," అన్నాడాయన. తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఇప్పటికీ బడిలోనే ఉన్నాను, ఇప్పటికీ అరుస్తూనే ఉన్నాను. ఆ రోజు ఆ ఫైలు ముందు నిలబడి ఊగిపోయిన ఆ ఇరవై మూడేళ్ల పిచ్చిపిల్లను తలచుకుంటే నవ్వూ వస్తుంది, కొంచెం అసూయా కలుగుతుంది. తప్పు ఇంకొకరిదైతే నా గొంతు నేటికీ వీధి చివరకు వినబడుతుంది. నాదైతే మాత్రం, అంత గట్టిగా అరవడం ఆ ఒక్కసారే.