మూల నుంచి చూడమన్న సారు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మాదాపూర్‌లో మా ఆఫీసులో కూర్చుని, కంప్యూటర్ తెర మీద ఒక పైపు బొమ్మను నెమ్మదిగా తిప్పుతున్నాను. హఫీజ్‌పేట్ నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, సారు పోయిండు. చాయ్ అడిగిండు. తెచ్చేసరికి లేడు."

కిటికీ అద్దం బయట మబ్బు దిగి, ఎదుటి టవర్ల పై అంతస్తులు లేకుండా పోయాయి. కాసేపు ఏ అంతస్తులో కూర్చున్నానో నాకే తెలియలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. పెళ్లయి తుని నుంచి వచ్చాక మేము కిరాయికి దిగిన ఇంటి యజమాని. కింద వాళ్లు, పైన మేము. జీడిమెట్లలో బాయిలర్లు చేసే ఫ్యాక్టరీలో బొమ్మలు గీసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. వీధి మొత్తానికీ డ్రాయింగ్ సారు. ఆయన భార్యను నేను పెద్దమ్మ అనేదాన్ని.

అప్పటికి నా డిప్లొమాలో డ్రాయింగ్ పేపర్ రెండుసార్లు పోయింది. ఒక మధ్యాహ్నం మెట్ల మీద షీటు పరుచుకుని చెరిపిందే చెరుపుతుంటే, సారు కూరగాయల సంచితో వచ్చి ఆగారు.

"ఏందమ్మా గది?"

"ఐసోమెట్రిక్ అండి, మూడు ముఖాలూ ఒకేసారి కనిపించేలా గీయాలి. ఎన్నిసార్లు గీసినా పెట్టె పెట్టెలా రావట్లేదు."

ఆయన లోపలికి వెళ్లి బట్టల సబ్బును అన్ని వైపులా సమానంగా కోసుకొచ్చారు. దాని మూల సరిగ్గా నా కళ్లకెదురుగా పట్టుకున్నారు.

"ఎన్ని ముఖాలు కనబడుతున్నయ్?"

"మూడండి."

"మూడు సమానంగ ఉన్నయా?"

"ఉన్నాయండి."

"గంతే. ఒక గీత నిలువు. రెండు గీతలు చెరో దిక్కు ముప్పై డిగ్రీలు. మూడింటికీ ఒకటే స్కేలు. ఇగ పరేషాన్ ఎందుకు?"

లోపలి నుంచి పెద్దమ్మ అరిచింది: "నా సబ్బు ఏడికి పోయింది?"

ఆ ఏడాది ఆ పేపర్ పాసయ్యాను. సారు దగ్గర మాత్రం చదువు ఆపలేదు. ఆయన బ్లేడుతో పెన్సిల్ చెక్కి, మొనను గరుకు కాగితం మీద తిప్పుతూ తిప్పుతూ మాట్లాడేవారు. వాన వెలిసిన సాయంత్రాలు డాబా మీద నిలబడి, కొండాపూర్ వైపు లేస్తున్న భవనాలను గాలిలో వేలితో గీసేవారు. "మన కంటికి దూరమున్నది చిన్నగ కనబడతది. ఈ బొమ్మల గట్ల ఉండదు బిడ్డా. దూరమైనా దగ్గరైనా కొలత కొలతే" అనేవారు. ఆయన వేలి వెంట చూస్తుంటే ఆ టవర్లు నేల వదిలి తేలుతున్నట్టే ఉండేవి.

తర్వాత పైపుల డిజైన్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మొదటి ఆరు నెలలూ పని చూసి ఉంచుకుంటామన్నారు. నాలుగో నెలలో నేను గీసిన ఒక పైపు మీద అనుమానం పట్టుకుంది. ఎక్కడో తప్పుంది, దొరకడం లేదు. మర్నాడు ఆ బొమ్మ చూసి పైపులు కోస్తారు. ఏడుపు మొహంతో ఇంటికొచ్చాను.

సారు బొమ్మ చూడలేదు. చాక్‌పీసుతో వాకిట్లో పంపు, ట్యాంకు, మధ్యలో గోడ గీశారు.

"నువ్వు నీళ్లవు. పంపుల నుంచి బయల్దేరు. నీ కాగితం ఎటు పొమ్మంటే అటు పో."

సిగ్గేసింది. అయినా నడిచాను. తూర్పుకు ఐదడుగులు. ఉత్తరానికి మూడు. నాలుగు మెట్లెక్కాను, నాలుగు దిగాను. వాకిలి మెల్లగా వాకిలి కాకుండా పోయింది, చుట్టూ ఇనుము చల్లగా తగులుతున్నట్టు. ఎడమకు తిరిగి ఆగిపోయాను.

"గోడకు గుద్దుకుంటానండి!"

"మరి ఉత్తరం దిక్కు బాణం ఎటు పెట్టినవ్?"

తలకిందులుగా పెట్టాను, ఉత్తరం కాస్తా దక్షిణమైంది. ఆయన ఫోన్ నా చేతిలో పెట్టారు. "నీ తప్పు నువ్వే చెప్పు. జర గట్టిగ చెప్పు." ఆఫీసులో మా టీమ్ లీడ్‌కి ఫోన్ చేసి చెప్పాను. "పొద్దున ఏడింటికి వచ్చి సరిచేయండి" అన్నారు. ఉద్యోగం నిలిచింది.

మేము ప్రగతి నగర్‌కు మారాక ఆయన చూపు మసకబారుతూ వచ్చింది. ఆదివారాలు వెళ్లేదాన్ని. "ఏం గీస్తున్నవ్, చెప్పు" అనేవారు. తూర్పుకు రెండు మీటర్లు, పైకి ఒకటిన్నర అని నేను చెబుతుంటే, కళ్లు మూసుకుని గాలిలో వేలు నడిపేవారు. ఒకసారి ఆ వేలు మధ్యలో ఆగింది. "గింత పొడుగు పైపు దేని మీద నిలబడ్డది?" నిజమే, దాని కింద ఆధారం పెట్టడం మరిచాను.

పదకొండో రోజు కర్మకు వెళితే, పెద్దమ్మ నన్ను సారు మంచం దగ్గరికి తీసుకెళ్లింది. పక్క గోడ మీద పెన్సిల్ గీతలు. వణికినవి, ఒకదాని మీద ఒకటి పడినవి. అయినా ముప్పై డిగ్రీల వాలు మాత్రం తప్పలేదు.

"మా చుట్టాలు సున్నం ఏయిద్దామన్నరు. నేనే వద్దన్న" అంది.

అది ఆ ఇల్లే. పైకప్పు గీయలేదు. మెట్లు, మంచం, వంటగది, అన్నీ పైనుంచి కనిపిస్తున్నాయి. పొయ్యి దగ్గర చిన్న సున్నా ఒకటి.

"గిదేందని నేనడిగితే, 'పొయ్యి కాడ నువ్వే' అని నాతోని అన్నడు" అంది పెద్దమ్మ.

తలుపులోంచి వచ్చిన మధ్యాహ్నపు ఎండ గోడ మీదికి పాకి, కప్పు లేని ఆ ఇంట్లోకి దిగింది. మంచం దాటి, గడప దాటి, పొయ్యి దగ్గర ఆ చిన్న సున్నా మీద ఆగింది.