వెర్లీ కారవాన్ కదిలిన రోజు

ఆస్ట్రేలియాలోని పోర్ట్ పిరీలో వెర్లీ హోస్కిన్‌కి పొద్దున్నే మొగుడి మొహం చూసే అలవాటు లేదు. తిన్నగా ఇంటి పక్కకు నడిచి, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, అదే కారవాన్, తలుపు తీసి, లోపల పచ్చ దీపం వెలుగుతోందా లేదా చూసుకోవాలి. వెలుగుతుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. అప్పుడుగానీ ఆవిడకు టీ గొంతు దిగదు.

భర్త డెస్‌తో, చలికాలంలోనూ వెచ్చగా ఉండే ఉత్తరాది డార్విన్ దాకా వెళ్ళాలని మోజుపడి కొన్న బండి అది. మామూలు ప్లగ్గు దానికి పట్టదంటే గోడకు ప్రత్యేకంగా లావుపాటి సాకెట్ పెట్టించింది. నాలుగేళ్ళుగా బండి కరెంటు తాగుతూనే ఉంది, అంగుళం కదిలితే ఒట్టు! ఒక చలికాలం డెస్‌కి మోకాలు నొప్పి. మరో చలికాలం ఊరి ఫుట్‌బాల్ జట్టు ఎప్పుడూ లేనిది గెలుస్తోంది, ఎలా వదిలిపోతాం? ఆ పైయేడు కోళ్ళనెవరు చూస్తారని బెంగ.

"నీ బండికి వేళ్ళు మొలిచాయే వెర్లీ! నీళ్ళు పోస్తున్నావా?" అని పక్కింటి లోర్నా కంచె మీంచి ఏడిపించేది.

"పోస్తా, నీ నెత్తిన!" అనేది వెర్లీ. పైకి నవ్వినా లోపల కుమిలిపోయేది. డెబ్బై నిండాయి. ఈ చలికాలం కూడా దాటిపోతే ఇక స్టీరింగ్ పట్టే ఓపిక ఉంటుందో లేదో.

అందుకే ఈ జూన్‌లో అక్కడి చలికాలం మొదలవగానే కోళ్ళను లోర్నాకి అప్పగించేసింది. డెస్ నోట ఇంకో వంక ఊడిపడేలోగా బయటపడాలి. తెల్లారగానే బండిని కారు వెనక తగిలించి స్టీరింగ్ ముందు కూర్చుంది. డెస్ పక్కన చేరి, కళ్ళజోడు సవరించుకుని, బయల్దేరేముందు చూసుకోవాల్సినవాటి జాబితా విప్పాడు.

"గ్యాస్..."

"కట్టేశా."

"మెట్టు..."

"ఎత్తేశా."

"కరెంటు తీ..."

"అయ్యాయి మహానుభావా, అన్నీ అయ్యాయి!" అంటూ తొక్కింది.

ఫట్‌మని చప్పుడు. లోర్నా కెవ్వున కేక. అద్దంలో చూస్తే బండి వెనక నారింజరంగు తీగ, తీగ చివర సాకెట్, సాకెట్‌ని అంటుకుని గోడ పెచ్చు! లోర్నా కంచె పట్టుకుని పడీపడీ నవ్వింది. వెర్లీకీ నవ్వు ఆగలేదు.

డెస్ దిగి మెయిన్ ఆపేసి, తీగ చుట్టి లోపల పడేసి వచ్చాడు. "ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆగుదాం, బంగారం."

వెర్లీ నవ్వు టక్కున ఆగిపోయింది. "నువ్వాగు. నేను పోతా."

"ఎలక్ట్రీషియన్‌ని నేను పిలుస్తాగా, పోండి!" అని అరిచింది లోర్నా.

డెస్ కిటికీ పట్టుకుని నిలబడిపోయాడు. "మోకాలు, కోళ్ళు, అన్నీ ఉత్తివేనే వెర్లీ. అంత బండిని వెనకేసుకుని మూడు వేల కిలోమీటర్లంటే నాకు భయం."

"ఓరి చచ్చినవాడా, ఆ ముక్క నాలుగేళ్ళ కిందటే చెప్పొచ్చుగా!" వెర్లీకి ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి. "నాకు మాత్రం భయం కాదూ? ఎక్కు."

డెస్ ఎక్కి బెల్టు బిగించుకుని, ఎదురుగా ఉన్న డాష్‌బోర్డును రెండు చేతులతో పట్టుకున్నాడు. వెర్లీ ఈసారి మెల్లగా కదిలించింది.