పుంగనూరు చెల్లెలి జబ్బు

మదనపల్లెలో సంతోషమ్మ ఆయాగా పనిచేసే ఆస్పత్రి చిన్నది. పాత క్రైస్తవ మిషన్ వాళ్ళది. పొద్దున్నే డ్యూటీ ఎక్కేముందు డాక్టర్ల దగ్గరనుంచి వాచ్‌మన్ దాకా అందరూ ముందు హాల్లో చేరి ప్రార్థన చేస్తారు. ఎవరికి ఏ బాధ ఉందో చెప్పుకుంటే, మిగతావాళ్ళు వాళ్ళకోసం దేవుణ్ణి అడుగుతారు. మంచి అలవాటే. కాకపోతే అందులో ఒక తమాషా ఉంది. నాకు బాగాలేదని ఎవరూ చెప్పరు. జబ్బంతా పుంగనూరులో ఉండే చుట్టాలకే వస్తుంది.

ఎక్స్‌రే తీసే కెల్విన్‌కి నడుం పట్టేస్తే, పుంగనూరు బావమరిదికి పట్టేసిందంటాడు. పుంగనూరు దగ్గరే కాబట్టి చుట్టాలుంటారు, వేరే ఊరు కాబట్టి ఎవరూ పోయి చూడరు.

ఇదంతా నాగమ్మతో మొదలైంది. నాగమ్మ వార్డులో చేసేది. ఒకరోజు ప్రార్థనలో తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకుంది. కొన్నాళ్ళకే వంటింట్లో కూరగాయలు తరుగుతూ కనిపించింది. పని చేతకాదని పక్కన పెట్టేశారు, రేపు ఇంటికి పంపేస్తారు అని అందరూ అనుకున్నారు. ఇదేందని ఎవరూ అడగలేదు. తమ జబ్బుల ఊసు మాత్రం ఎత్తడం మానేశారు.

సంతోషమ్మకు ఎప్పటినుంచో థైరాయిడ్ ఉంది. తర్వాత మోచేతుల మీద తెల్లమచ్చలు వచ్చాయి. అప్పటినుంచి ఎంత ఎండలోనైనా పొడుగు చేతుల జాకెట్టే. ఈమధ్య అరికాళ్ళలో తిమ్మిర్లు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఇన్ని రోగాలు ఒక్క ఒంట్లో చేరాయంటే ఇక తన పని అయిపోయిందనే అనుకుంది. భర్త లేడు. కూతురు ఉషా కుప్పంలో నర్సింగ్ చదువుతోంది. ఆ చదువు ఈ ఉద్యోగం మీదే నడుస్తోంది. అందుకని ఆమె కూడా జబ్బులన్నీ మూటకట్టి పుంగనూరు చెల్లెలి నెత్తిన పెట్టింది.

ఆ రోజుల్లోనే కుప్పం నుంచి వీణ అనే అమ్మాయి వచ్చింది. ఏదో పరిశోధన చేస్తోంది. పదిమంది కలిసి పనిచేసే చోట వాళ్ళు ఏం మాట్లాడుకుంటారు, ఏం దాచుకుంటారు, ఎవరూ రాసిపెట్టని కట్టుబాట్లు ఎట్లా పుడతాయి, ఇదీ ఆమె చదువు. ఇదొక చదువా అని నవ్వుకున్నారు ఆయాలు. రోజూ ప్రార్థనలో వెనక కూర్చునేది. ఒకరోజు టీ తాగుతూ సంతోషమ్మను అడిగింది.

"అక్కా, పుంగనూరులో బాగుండే మనిషి ఒక్కడన్నా ఉండాడా?"

సంతోషమ్మ సగం టీ వదిలేసి లేచింది. ఈ పిల్లను ఆస్పత్రి వాళ్ళే పెట్టారేమోనని ఆరోజునుంచి ఆమెను చూస్తే పక్క దోవ పట్టేది.

అంతలో ఇంకో చిక్కు. థైరాయిడ్, మచ్చలు, తిమ్మిర్లు అన్నీ ఒకే మనిషికి అని ప్రార్థనలో విన్న డాక్టరు షైలజ సంతోషమ్మను పిలిచింది. ఇట్లా రెండు మూడు జబ్బులు జతగా వచ్చేవాళ్ళ గురించే తాను ఒక వ్యాసం రాస్తున్నానని, ఆ చెల్లెల్ని ఒకసారి తీసుకురమ్మని చెప్పింది. సంతోషమ్మ సరేనని వచ్చేసింది.

పుంగనూరులో నిజంగానే ఒక చెల్లెలుంది. పిన్నమ్మ కూతురు పాపమ్మ. పాలమ్ముకుంటుంది, గుండ్రాయిలా ఉంటుంది. బాధలన్నీ తనవేనని పాపమ్మ చెప్పాలి, డాక్టరమ్మ రాసిన మందులు అక్క మింగాలి. ఇదీ సంతోషమ్మ ఉపాయం. బస్సు దిగినప్పటినుంచి గేటు దాకా చెల్లెలిచేత పాఠం వల్లె వేయించింది.

పాపమ్మ బాగానే అప్పజెప్పింది. మచ్చలు చూపించమంటేనే తెల్లమొహం వేసింది. ఒక్కటీ లేదు. పక్కనున్న మేట్రన్ లిల్లీ రక్తం తీద్దామని సూది పట్టుకునేసరికి లేచి నిలబడింది.

"నా రక్తం యాల తీస్తారమ్మా? జబ్బు ఆమెకుండాది, సూది నాకా?"

సంతోషమ్మ తల వంచుకుని నెమ్మదిగా జాకెట్టు చేతులు పైకి లాగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరమ్మ తిట్టలేదు. మచ్చలు చూసింది, కళ్ళు చూసింది, నాలుక చూసింది. అరికాళ్ళు ముట్టుకుని ఏమైనా తెలుస్తోందా అని అడిగింది. రక్తం తీయించింది.

రిపోర్టు వచ్చేదాకా సంతోషమ్మకు ముద్ద దిగలేదు. వచ్చాక డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబాటున సొంత ఒంటి మీద పడుతోందట. ఒకచోట పడితే, కొందరికి ఇంకోచోట కూడా పడుతుందట. థైరాయిడ్ మీద పడింది, చర్మం మీద పడింది, ఇప్పుడు కడుపులో పడి బీ-ట్వెల్వ్ ఒంటికి పట్టకుండా చేసింది. అందుకే ఆ తిమ్మిర్లు, ఆయాసం. మచ్చలు అంటవు, ప్రాణం తీయవు. తక్కిన దానికి ఇంజక్షన్ ఉంది.

"అయితే నేను సచ్చిపోనా మేడమ్?"

"ఇంజక్షన్ మానకుండా ఏయించుకో. నీ మనవళ్ళను కూడా నువ్వే సాకతావు."

సంతోషమ్మ గుండెల మీదనుంచి బండ దిగినట్టయింది. అయినా ఇంకో బండ మిగిలే ఉంది. వెళ్ళి లిల్లీని అడిగింది.

"నన్ను కూడా నాగమ్మ మాదిరి వంటింట్లోకి పంపిస్తారామ్మా?"

లిల్లీ బిత్తరపోయింది. "నాగమ్మని ఎవురు పంపించినారు? మెట్లెక్కలేను, ఆడ కూర్చోని చేసుకుంటానని ఆమే కదా అడిగింది!"

సంతోషమ్మ నమ్మలేదు. వంటింట్లోకి పోయి నాగమ్మనే అడిగింది. నాగమ్మ బీన్స్ తుంచుతూ, అవును, నేనే అడిగినా, ఇన్నాళ్ళూ మీలో ఒక్కరన్నా వచ్చి అడిగితే కదా సెప్పేది, అంది. అక్కడే కూర్చుని ఉన్న వీణ, నేను అడిగితే నాకు మొదటి వారమే చెప్పింది అని నవ్వింది. ఈ పిల్లను చూసా ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగాను అనుకుంది సంతోషమ్మ.

మరుసటిరోజు ప్రార్థనలో ఆమె వంతు వచ్చింది. లేచి నిలబడింది.

"పుంగనూరు సెల్లెలు బాగుండాది. జబ్బు నాకే. ఇంజక్షన్లు ఏయించుకుంటాండాను. నాకోసరం ప్రార్థన సేయండి."

అందరూ చేశారు. ఆమెన్ అన్నాక కూడా కెల్విన్ కూర్చోలేదు. మా బావమరిది నడుం కూడా బాగానే ఉండాది అంటూ నసిగాడు. లిల్లీకి నవ్వు ఆగలేదు.

ఇప్పుడు సంతోషమ్మ వార్డులోనే చేస్తోంది. తిమ్మిర్లు పూర్తిగా పోలేదు గానీ మెట్లు ఎక్కగలుగుతోంది. ఇంజక్షన్ రోజున ఉషాకు ఫోన్ చేసి, అయిందే అమ్మీ, అని చెబుతుంది. ఎండలు ముదిరాక పొట్టి చేతుల జాకెట్లు రెండు కుట్టించుకుంది.