పాక మీది ఎండు గడ్డి

మొన్న మా చర్చిలో క్రిస్మస్ పాక కట్టి, పైకప్పు మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ చాప పరిచారు. దాన్ని చూడగానే అక్కకు ఏం చెప్పాలో తోచక వెనక బెంచీలో కూలబడ్డాను.

అక్క అంటే తోడబుట్టినది కాదు. గుంటూరు నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చి, రొట్టెలు మింగుడుపడక ఏడుస్తున్న నన్ను తన గదిలో పెట్టుకుని అన్నం వండిపెట్టిన సీనియరు. మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మేం పనిచేసిన ఈ గురుగ్రామ్‌ను అప్పట్లో గుర్‌గావ్ అనేవాళ్ళం. మా ఆసుపత్రి వెనక, ఇప్పటి చర్చిని ఆనుకుని, ఆరావళి మిట్టంతా నడుము లోతు గడ్డి. డిసెంబరు వచ్చేసరికి అది బంగారు రంగుకు తిరిగేది, అడుగు వేస్తే కౌజు పిట్టలు బుర్రున లేచేవి. వరిగడ్డి దొరకని చోట యేసయ్య పాకకు అదే గతి. డ్యూటీ దిగిన తెలుగు నర్సులమంతా కొడవళ్ళు పట్టుకుని వెళ్తే, మొదలు జానెడు వదిలి కోయమని, లేకపోతే వానలకు మళ్ళీ లేవదని, అక్క వెనక నుంచి కేకలు వేసేది.

తర్వాత విలాయతీ కీకర్ వచ్చింది, మనవైపు సర్కారు తుమ్మ అంటామే, అది. నీడనిస్తుందని మొదట అందరూ మురిశారు. ఏటేటా అది మిట్టను కమ్ముకుంది, దాని కింద గడ్డి చచ్చింది, కౌజులు ఎటు పోయాయో తెలియదు. రిటైరయ్యాక నేనూ అక్కా చర్చి వెనక ముక్కనైనా బాగుచేద్దామని కూలీలను పెట్టాం. కొట్టేస్తే మోడు నుంచి గుబురుగా చిగిర్చింది, వేళ్ళతో పెకలిస్తే ఖాళీ నేలంతా వయ్యారిభామ మొలిచింది. దానికా పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆ భామ మా చేతుల నిండా దద్దుర్లు తెప్పించింది. అయినా రాళ్ళ సందుల్లో మిగిలిన గడ్డి దుబ్బుల్ని చీల్చి నాటి, వానాకాలమంతా కలుపు తీసి, ఒక పాకకు సరిపడా గడ్డి నిలబెట్టాం.

అక్క ఘాజియాబాద్‌లో కొడుకింట మంచాన పడ్డాక ఆ గడ్డిని నేనొక్కదాన్నే చూసుకున్నాను. వచ్చే క్రిస్మస్‌కు తానుండనని, ఈసారి పాక మీద మన గడ్డి కప్పి ఫోటో చూపించమని అడిగింది. సరేనన్నాను.

తీరా కొడవలి తీసుకుని వెళ్తే అక్కడ గడ్డి లేదు. నా నడుం నొప్పి చూడలేక మా కోడలు ఆఫీసు స్నేహితులను తీసుకొచ్చి శుభ్రం చేయించిందట.

"మొత్తం ఎండిపోయింది కదా అత్తయ్యా, రూట్స్‌తో సహా తీయించేశాం. గ్రీన్‌గా ఉన్నవి ముట్టుకోలేదు, నీళ్ళు కూడా పోశాం" అంది సంతోషంగా.

పచ్చగా ఉన్నవి కీకర్ మొక్కలు, వయ్యారిభామ. వాటి చుట్టూ సున్నం కొట్టిన రాళ్ళు పేర్చారు. ఆ పిల్లను తిట్టడానికి నోరు రాలేదు. పీకిన దుబ్బుల్ని చెత్తబండి పట్టుకుపోయిందంది. చీకటి పడేదాకా నేల తడుముతూ వెతికాను, ఒక్క వేరు దొరకలేదు.

నిన్న ఘాజియాబాద్ వెళ్ళి, గత్యంతరం లేక, ప్లాస్టిక్ పాక ఫోటోనే చూపించాను. అక్కకు చూపు సరిగా ఆనదు. ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇంత పచ్చిగా ఉండగానే కోశావేమే? మొదలు వదిలావా?"

వదిలానక్కా అన్నాను.

ఆ రోజుల్లో మిట్టంతా ఎండినా మాకు దిగులుండేది కాదు, వానలకు లేస్తుందని తెలుసు కనుక. వచ్చే ఏడూ వానలు పడతాయి. లేవడానికి అక్కడ ఏమీ లేదు.