మార్ అన్న మాట

మా క్లబ్బులో బంతిని బలంగా కొట్టి అవతల పారెయ్యమని చెప్పడానికి ఒకే మాట ఉండేది: "మార్". మా నాయిన బూట్లు లేకుండా ఆడిన కాలం నుంచీ అదే. ఉర్దూలో కొట్టు అని. హఫీజ్‌పేట్‌లో పుట్టినవాడికి దాని అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను గోల్‌కీపర్‌ని కాబట్టి ఆ మాట నా నోటి నుంచే ఎక్కువగా వచ్చేది.

క్లబ్బు ఒక ఫ్యాక్టరీది. జీతం ఫ్యాక్టరీది, పని మాత్రం బంతాట. నాయిన అందులో పద్నాలుగేళ్ళు గోల్ ముందు కాపు కాసే బ్యాక్‌గా ఆడాడు. రైలు పట్టాలకు అవతల ఇంకో ఫ్యాక్టరీ జట్టు ఉండేది. వాళ్ళకూ మాకూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఒకసారి వాళ్ళ గోల్‌పోస్టు కర్రలు మా క్యాంటీన్ పొయ్యిలో కాలాయట. దానికి బదులుగా వాళ్ళు మా కప్పు ఎత్తుకుపోయి, ఏడాదిపాటు చాయ్ హోటల్లో చెంచాలు వేసుకోవడానికి వాడారట. నాయిన ఈ ముచ్చట్లు చెబుతుంటే కళ్ళు మెరిసేవి. నాకు మాత్రం పట్టాలు దాటాలంటేనే భయం. వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ నన్ను చూసి నవ్వాడంటే ఆ వారమంతా అన్నం సయించేది కాదు. పిరికివాడివి గోల్‌కీపర్ ఎలా అయ్యావని అడక్కండి. నేను ఎత్తుగా ఉన్నానని నిలబెట్టారు, గుండె ఎవరూ కొలవలేదు.

తొంభైల చివర్లో, మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల కోసం ఆ గుండ్రటి భవనం లేస్తున్న రోజులవి. బండలు పేల్చే చప్పుడు మా ప్రాక్టీసుకు వినబడేది. టేపులు పట్టుకున్న మనుషులు మా మైదానాన్ని కొలిచి పోతుండేవారు. ఆ ఏడాది మా ఆట అంతంతమాత్రం. చివరి మ్యాచ్‌కు పదిరోజుల ముందు మేనేజర్ అందరినీ షెడ్డులోకి పిలిచాడు.

"కింది డివిజన్‌కు పడితే ఇగ క్లబ్బు బంద్. డ్రా చేసుకున్నా చాలు, బతికిపోతం," అన్నాడు.

ఆ చివరి మ్యాచ్ పట్టాలవతలి జట్టుతోనే. నాయిన ఆడిన క్లబ్బు నా చేతుల్లో చస్తుందేమోనన్న భయం అప్పుడు పట్టుకుంది, ఇక వదల్లేదు.

ఆ మర్నాడే ఒక కొత్త బ్యాక్ చేరాడు. రాజమండ్రి వైపు మనిషి, నెమ్మదస్తుడు. మొదటిరోజు ప్రాక్టీసులో నేను "మార్" అని అరిస్తే, బంతిని వదిలేసి పక్కవాడి చోటులోకి వెళ్ళి నిలబడ్డాడు.

"ఏందన్నా, గక్కడికెందుకు పోయినవ్?" అన్నాను.

"మారమన్నారు కదండీ, మారాను," అన్నాడు.

అందరం పడీ పడీ నవ్వాం. ఆయన కూడా నవ్వి, "నాకు మాత్రం కొట్టు అనండి, మీకు పుణ్యముంటుంది," అన్నాడు. సరేనని మాటిచ్చాను. ఆ రోజు నుంచి ప్రాక్టీసులో కొట్టు అనే అరిచాను.

మ్యాచ్ రోజున నాయిన నా గోల్ వెనకాల సైకిల్‌కు ఆనుకొని నిలబడ్డాడు. చివరి నిమిషాల దాకా రెండు వైపులా గోల్ లేదు. అప్పుడు వాళ్ళకు కార్నర్ దొరికింది. బంతి గాల్లో నా మీదికే వస్తోంది. నేను ముందుకు దూకి పిడికిళ్ళతో గుద్దాలి. కానీ ఆ సెంటర్ ఫార్వర్డ్ భుజం కనబడేసరికి గోల్ గీత మీదికే వెనక్కి జరిగాను. బంతి కొత్త బ్యాక్ ముందు పడి లేచింది. ఒక్క తన్ను తంతే బయటికి పోయేది.

"మార్," అని అరిచాను.

ఆయన మారాడు. రెండడుగులు పక్కకు జరిగి ఇంకో ఫార్వర్డ్‌కు అడ్డంగా నిలబడ్డాడు. ఆ సెంటర్ ఫార్వర్డ్ తీరిగ్గా బంతిని నా కాళ్ళ మధ్యనుంచి లోపలికి తోశాడు. మళ్ళీ సెంటర్‌లో పెట్టి ఆడేలోపే ఆట అయిపోయింది.

షెడ్డులో మా కెప్టెన్ కొత్త బ్యాక్ కాలర్ పట్టుకున్నాడు.

"వాళ్ళకు అమ్ముడువోయినవా? ఎందుకు జరిగినవ్?"

"మారమన్నారండీ," అని ఆయన నా వంక చూశాడు.

జట్టు మొత్తం నా వంక చూసింది. ఒప్పుకుంటే ఆ కాలర్ నాదవుతుంది.

"నేనేం అనలే," అన్నాను.

ఆయన నాతో వాదిస్తాడనీ తిడతాడనీ అనుకున్నాను. బూట్లు విప్పి సంచిలో పెట్టుకొని స్టేషన్ వైపు నడిచాడు. వెనకనుంచి ఎవరో మట్టిగడ్డ విసిరితే వీపు మీద పగిలింది. నేను ఆపలేదు, ఛీ, ఆ చేతినైనా పట్టుకోలేదు.

ఇంటికెళ్ళేసరికి నాయిన వాకిట్లో సైకిల్ తుడుస్తున్నాడు. క్లబ్బు పోయిందని ఏడుస్తాడనుకున్నాను.

"మార్ అన్నవ్. నాకు ఇనవడ్డది," అన్నాడు.

"భయమయింది నాయినా."

"ఎక్కడ? గోల్ కాడనా, షెడ్లనా?"

షెడ్డులో నేనన్న మాట అప్పటికే ఎవరో ఆయన చెవిన వేశారు. నాయిన గుడ్డ దులిపి సీటు మీద వేశాడు.

"గోల్ కాడ నాకు గూడ అయితుండె," అన్నాడు.

షెడ్డు గురించి ఏమీ అనలేదు. సైకిల్ నడిపించుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.