చిక్కుడు గింజల కుండ

మా ఇంట్లో పనిచేసే ఆవిడ బోనాలకు వారం రోజులు ఊరెళ్తూ ఒక చిన్న కుండ తెచ్చింది.

"అక్కా, జర మీ ఇంట్ల పెట్టనా? మా రేకుల గది వానకు కారుతది. చిక్కుడు గింజలు. మా అమ్మ సచ్చిపోయే ముందు నా చేతుల పెట్టింది. ఈ రకం ఇగ మా ఊర్ల ఎవ్వరి దగ్గర లేదు. వచ్చినంక పెట్టి, రేకుల మీదికి పాకిస్త."

గింజల పైనా కిందా బూడిద, నోటికి గుడ్డ, బిగించిన తాడు. బూడిద తేమను లాగేస్తుందట.

"నువ్వేం ఫికర్ చేయకు" అన్నాను. కోస్తా నుంచి కోకాపేట వచ్చాక నేర్చిన మాట అది.

ఆదివారం మబ్బు వెలుతురు చూసి నా బుద్ధి గడ్డి తింది. ఫొటోల పిచ్చి నాది. తాడు విప్పి, గింజలు పైకి తీసి, బాల్కనీలో గంటసేపు ఫొటోలు తీశాను. వాన మొదలవగానే గింజల్ని కుండలో పోసేసి కెమెరాతో లోపలికి పరిగెత్తాను. లెన్సుకు బూజు పడుతుందని కొన్న డ్రై బాక్స్‌లో దాన్ని పెట్టి, తేమ మీటరు నలభై అయిదుకు దిగేదాకా అక్కడే నిలబడ్డాను. బాల్కనీలో మూతి కట్టకుండా వదిలేసిన కుండ సంగతే మరిచిపోయాను. వారమంతా ముసురు.

ఆమె వచ్చే రోజు పొద్దున చూస్తే బూడిద ముద్దయిపోయింది. గింజలు ఉబ్బి, తెల్లగా బూజు పట్టాయి. అప్పుడు నేను చేసిన పని, సిగ్గు లేకుండా గుడ్డ కప్పి మళ్ళీ తాడు కట్టేయడం.

ఆమె విప్పింది. ఒక గింజను కొంగుతో తుడిచి నొక్కితే తొక్క ఊడి వచ్చింది.

"మంచిగనే కట్టిన గదక్కా, గిట్లెందుకైంది?"

"వానలు కదా, తేమ పట్టినట్టుంది" అన్నాను.

"నాదే తప్పు. బూడిద తక్కువ పోసిన కావచ్చు. మా అమ్మయితే ఇంకింత పోస్తుండె."

కళ్ళు తుడుచుకుని గిన్నెలు తోమడానికి వెళ్ళింది. ఆ మాటకైనా నిజం చెప్పాల్సింది. ఛీ, ఇప్పటికీ చెప్పలేదు.

ఫొటోలు మాత్రం చాలా బాగా వచ్చాయి. ప్రతి గింజా నల్లగా నిగనిగలాడుతోంది. అవి చూపిస్తే కుండ విప్పింది నేనేనని ఆమెకు తెలిసిపోతుంది. చెరిపేద్దామంటే, ఆ చిక్కుడు ఇక ఎక్కడా మిగలదు.