మా తమ్ముని బాప్తిస్మం పంచాయితీ

మా ఇంట్ల పిల్లలు పుడితే ముందుగాల అడిగేది ఆడపిల్లనా మొగపిల్లగాడా అని కాదు. చిలకరిస్తరా, ముంచుతరా అని. మా నాయినది నల్లగొండ దిక్కు పల్లె. వాళ్ళ సంఘంల పసిపిల్లలకే నెత్తి మీద నాలుగు చుక్కలు చిలకరించి బాప్తిస్మం ఇస్తరు. అమ్మది గుంటూరు దిక్కు. వాళ్ళ సంఘంల పిల్లలకు ఒట్టి ప్రార్థనే. బుద్ధి తెలిసినంక మనిషే వచ్చి ఒప్పుకొని నిలువునా నీళ్ళల్ల మునగాలె. పెళ్ళి మాటలప్పుడు పెళ్ళోళ్ళు ఎక్కే లారీ గురించి మాట్లాడుకున్నరట, షామియానా గురించి మాట్లాడుకున్నరట, పుట్టబోయే పిల్లల నెత్తి గురించి మాత్రం ఒక్కరు నోరు తెరవలే.

అప్పుడు మేం ఎల్‌బీ నగర్‌ల కిరాయికి ఉంటుంటిమి. ద్రాక్షతోటలు కొట్టేసి ప్లాట్లు చేస్తున్న కాలం. ఎటు చూసినా సున్నం పూసిన హద్దురాళ్ళు, నడుమ నడుమ ఒక ఇల్లు, ఆ ఇంటి ముంగట ట్యాంకర్ కోసం పెట్టిన డ్రమ్ము. దేవుళ్ళకు కూడ అప్పుడే జాగలు చూస్తున్నరు. నాయిన సంఘం దిల్‌సుఖ్‌నగర్‌ల సైకిల్ దుకాణం మీద కిరాయి గదిల. అమ్మ సంఘం మా ఇంటి వెనక రేకుల షెడ్డుల. నేను ఒక ఆదివారం అటు, ఒక ఆదివారం ఇటు.

అందుకని నా ఆత్మ సంగతి జర గందరగోళం. నాయినోళ్ళ లెక్కన నేను పుట్టుకతోనే పాపిని, కాని నాయినమ్మ కొట్లాడి నీళ్ళు చల్లిచ్చింది గనుక సాఫ్ అయిపోయిన. అమ్మోళ్ళ లెక్కన ఆ నీళ్ళు చెల్లవు, అయినా ఫికర్ లేదు, బుద్ధి తెలిసే వయసు దాక నేను అమాయకురాలినే. ఆ వయసు ఎంత అంటే ఎవ్వరు చెప్పరు. ప్రభువు బల్ల అని రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు నేను రొట్టెముక్కకు చెయ్యి చాపితే, "నీకింకా బుద్ధి తెలీదమ్మా, వెళ్ళి కూర్చో" అనేటోళ్ళు. అదే పాటల టైంల పక్కపిల్లను గిల్లితే, "ఇంత వయసొచ్చింది, బుద్ధి లేదూ?" అని చెవి మెలిపెట్టేటోళ్ళు. రొట్టెకు చిన్నదాన్ని, దెబ్బలకు పెద్దదాన్ని.

రెండు చోట్ల గోడ మీద ఒకటే క్యాలెండర్ బొమ్మ. యేసయ్య ఒడిల ఒక పిల్ల, చుట్టూ ఇంకింత మంది పిల్లలు, అందరూ నవ్వుకుంట. షెడ్డుల ఆ బొమ్మ కిందనే సంఘపెద్ద ఒకాయన పొడుగాటి బెత్తం పట్టుకొని తిరుగుతుండె. ప్రసంగంల కునికినోని నెత్తి మీద టక్కున ఒకటి. ప్రసంగమేమో దేవుడు పిల్లలను ఎంత ప్రేమిస్తడో అనే. క్రిస్మస్ డ్రామాకు తెల్లగున్న పిల్లలంత దేవదూతలు, నాలెక్క నల్లగున్నోళ్ళు గొర్రెలు. ఏటా గొర్రెనే. నాకు ఇయ్యాల్టికీ కోపమే.

ఇగ తమ్ముడు పుట్టిండు. నా బాప్తిస్మం కాడ ఓడిపోయిన అమ్మమ్మ ఈసారి పట్టు విడువలే. పిలగానికి ఆరు నెలలొచ్చినా నెత్తి మీద చుక్క పడలే. నాయినమ్మ మాతోనే ఉంటది. అమ్మమ్మ ఎండాకాలమని వచ్చి ఉన్నది. ఇద్దరూ "వదినా" అంటే "వదినా" అని పిలుచుకుంటరు, ఆ పిలుపు వింటేనే నాయినకు చెమటలు పడుతుండె.

ఒక ఆదివారం పొద్దుగాల తమ్మునికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నయి. పండ్లు వస్తున్నయిలే అన్నరు. కడుపు ఆగాలంటే పాలు బంద్ చెయ్యాలె, నీళ్ళు బంద్ చెయ్యాలె అన్నది నాయినమ్మ. "అవునొదినా, చుక్క కూడా తాగనివ్వకూడదు" అన్నది అమ్మమ్మ. ఎన్నడూ కలువని ఇద్దరు కలిసిండ్రు, అది కూడ తప్పు మాట మీద. అమ్మ రొమ్ము ఇయ్యబోతే ఇద్దరూ కలిసి ఆపిండ్రు.

పగటీలి బువ్వ యాళ్ళ వరకు పిలగాని కండ్లు లోపలికి పోయినయి. నడినెత్తి గుంట పడ్డది. ఏడుస్తున్నడు గాని కన్నీళ్ళు లేవు. నాకు భయమైంది. నాయినమ్మకు కూడ భయమైంది, కాని ఆమె భయం వేరు.

"నీళ్ళు పడకుంట పిలగాడు పోతే వాని గతేందిరా? ఉరుకు, మన సంఘం అయ్యగారిని తోల్కరా!" అని నాయినను ఎగదోలింది.

"పసివాడికి పాపమేంటి వదినా? నీళ్ళు చల్లితే మాత్రం ఒప్పుకోను. మా పాస్టరు గారొచ్చి నూనె రాసి ప్రార్థన చేస్తారు, అంతే" అని అమ్మమ్మ నన్ను షెడ్డుకు ఉరికిచ్చింది.

అయ్యగారు స్కూటర్ మీద వచ్చిండు, సంచిల వెండిరంగు గిన్నె. పాస్టరు గారు నడిచొచ్చిండు, జేబుల నూనె సీసా. వాళ్ళ వెనక వీళ్ళ సంఘపెద్దలు, వాళ్ళ సంఘపెద్దలు. ఇంట్ల కుర్సీలు సరిపోక పక్కింట్లకెల్లి తెచ్చినం. తమ్ముడు నడుమ బొంత మీద పండుకొని ఉన్నడు, చుట్టూ పెద్దమనుషులు. ఇగ షురూ అయింది.

"పసిపిల్లలకు వద్దని వాక్యంల ఏడున్నదో చూపియ్యుండ్రి" అన్నడు అయ్యగారు.

"ఇవ్వమని ఎక్కడుందో మీరు చూపించండి ముందు" అన్నడు పాస్టరు గారు.

పేజీలు తిరుగుతున్నయి. గ్రీకు మాట ఒకటి వచ్చింది. ఆ కాలంల మొత్తం కుటుంబాలకు ఇచ్చిండ్రు అని అయ్యగారంటే, ఆ కుటుంబాల్లో పసివాళ్ళున్నారని మీకెవరు చెప్పారు అని పాస్టరు గారు. నాయిన చాయ్ పెట్టిండు. పాపం ఆయన అంతకంటె ఏం చెయ్యగలడు, ఇటు కన్నతల్లి, అటు అత్త. అందరూ చాయ్ తాగిండ్రు. ఒకాయన చక్కెర తక్కువైందన్నడు. నీళ్ళు నెత్తి మీద చుక్కనా, మెడ దాకనా, మొత్తం మునగాల్నా అని గంటసేపు లొల్లి. ఆ పిలగానికి కావాల్సింది నీళ్ళే. నెత్తి మీద కాదు, కడుపులకు. ఆ ఇంట్ల అందరి గొంతులు తడిసినయి, వానిది తప్ప.

అప్పటిదాక గోడకు ఆనుకొని ఉన్న అమ్మ వచ్చి వంగింది. తమ్ముణ్ణి బొంతతోని సహా ఎత్తుకున్నది. "ఎక్కడికే?" అన్నది అమ్మమ్మ. "ప్రార్థన కానియ్యమ్మా" అన్నడు అయ్యగారు. అమ్మ చెప్పులు కూడ ఏసుకోకుంట గేటు దాటింది. నేను ఆమె కొంగు పట్టుకొని ఉరికిన. రోడ్డు మీద ఆటో దొరికింది.

పోయింది క్యాథలిక్ సిస్టర్ల దవాఖానకు. అది మేరమ్మ బొమ్మ పెట్టుకునే దవాఖాన. మా రెండు సంఘాలకు ఆ దిక్కు చూస్తేనే పాపం. లోపలికి పోతుంటే అమ్మకు ఒకటే ఫికర్, బాప్తిస్మం అయ్యిందా అని అడుగుతరేమో, ఏం చెప్పాలె అని. డాక్టర్ సిస్టర్ మలయాళీ ఆమె. కంటి రెప్ప లాగి చూసింది, పొట్ట మీద చర్మం గిల్లి చూసింది, ఒక్కటే అడిగింది.

"ఉచ్చ ఎప్పుడు పోసినాడు?"

అమ్మకు యాదికి రాలే.

"నీళ్ళు ఇచ్చినావా?"

"ఆపమన్నారండీ."

"ఎవరు చెప్పినారు? పిలువు వాళ్ళని. వాళ్ళకి ఆపుతాను నీళ్ళు!" అని గట్టిగ ఒర్లింది. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తెప్పిచ్చి, తమ్ముణ్ణి తన ఒడిలనే పెట్టుకొని చెంచాతోని పోసింది. కక్కిండు. మళ్ళ పోసింది. మళ్ళ కక్కిండు. జర ఆగి మళ్ళ పోసింది. అమ్మ ఏడుస్తుంటే చెంచా అమ్మ చేతికిచ్చి, "ఏడుపు తర్వాత, ఇప్పుడు నీళ్ళు పొయ్యి" అన్నది. పొద్దుగూకే యాళ్ళకు మా తమ్ముడు సిస్టర్ తెల్ల చీర మీద ఉచ్చ పోసిండు. ఆమె ఎంత నవ్విందో! ఎవరన్న ఉచ్చకు గట్ల సంబురపడంగ నేను మళ్ళ చూడలే.

పిలగాడు ఇంటికొచ్చినంక ఇంకో పంచాయితీ. ఎవరి ప్రార్థనకు బతికిండు? అయ్యగారు దారిపొడుగునా స్కూటర్ మీద ప్రార్థించిండట. పాస్టరు గారు మేం పోయినంక పిలగాడు పండుకున్న ఆ ఖాళీ జాగల నూనె చల్లిండట. ఆఖరికి నాయిన ఇంటి ముంగట షామియానా ఏసి, రెండు సంఘాలను పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టిండు. బిర్యాని చేపిచ్చిండు. అయ్యగారు మాట్లాడిండు, పాస్టరు గారు అంతకంటె జాస్తి మాట్లాడిండు. దవాఖాన ఊసు ఇద్దరూ ఎత్తలే. సిస్టర్‌ను పిలువనే లేదు.

తర్వాత దేవుడు చేసిన మేలు గురించి అమ్మను సాక్ష్యం చెప్పమన్నరు. ఆడోళ్ళ సాక్ష్యమంటే అందరికీ తెలిసిందే: నెత్తి మీద కొంగు, సన్నటి గొంతు, నడుమల ఏడుపు, చివరికి అందరికీ వందనాలు. అమ్మ తమ్ముణ్ణి సంకకేసుకొని లేచింది. అప్పటికే వెనక బిర్యాని గిన్నె మూత తీసిండ్రు, వాసన వస్తున్నది, సగం మంది అటే చూస్తున్నరు.

"మీరంతా ఆ రోజు మా ఇంటికొచ్చారు, సంతోషం" అన్నది అమ్మ. "వీడు ఆ బొంత మీదే ఉన్నాడు, మీ అందరి మధ్యలో. దేవుడి ముందు నిలబడి ఒక్కటే అడుగుతున్నాను. నీళ్ళ గురించి అంతసేపు మాట్లాడారు కదా, మీలో ఒక్కరన్నా నా బిడ్డని ఎత్తుకున్నారా?"

తమ్ముణ్ణి ఇంకో సంకకు మార్చుకునేటందుకు జర ఆగింది. సాక్ష్యం అయిపోయిందనుకున్నరు. అయ్యగారు, పాస్టరు గారు, సంఘపెద్దలు, బెత్తమాయనతోని సహా, రెండు సంఘాలు మొట్టమొదటిసారి ఒక్క గొంతుతోని గట్టిగ అన్నయి.

"ఆమెన్!"